తగినంత సందు: పేటెంట్ క్లెయిములు రాసేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

పేటెంట్ ఏజెంట్ మిత్రులకు, మన ఆఫీసుల్లో డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు,

నమస్కారం. నా బల్ల మీద పెన్నుల గ్లాసులో ఒక సైకిల్ స్పోకు ఉంటుంది. చూసినవాళ్లు నాకేదో సైకిల్ పిచ్చి ఉందనుకుంటారు. అది గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక మెకానిక్ గారిది. సవరించిన కాగితాల మీద సంతకాలకు వచ్చినప్పుడు చూపించడానికి తెచ్చి, మర్చిపోయి వెళ్లారు. తిరిగి ఇస్తానంటే ‘ఉంచండి సార్, మా షాపులో బోలెడున్నాయి’ అన్నారు. ఉంచుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గేస్తుంది. ఎందుకో చెప్పడానికే ఈ లేఖ.

ఆయన మిరపకాయలకు ముచ్చికలు తీసే మిషను చేశారు. గుంటూరు చుట్టుపక్కల కాయల రాశుల ముందు వరసగా కూర్చుని ముచ్చికలు తీసే ఆడవాళ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. సాయంత్రానికి చేతులు భగభగ మండుతుంటాయి. ఆయన భార్య కూడా పెళ్లైన కొత్తలో ఆ పనికి వెళ్లేదట. మిషను సంగతి చెప్పాలంటే, పక్కపక్కన రెండు రోలర్లు, రెండూ లోపలివైపుకి తిరుగుతుంటాయి. పైనుంచి కాయలు జారుతాయి. ముచ్చిక సందులో చిక్కుకుని కిందికి లాగబడుతుంది, కాయ లావుగా ఉంటుంది కాబట్టి పైనే ఆగిపోతుంది. రోలర్ల మీద పాత సైకిల్ ట్యూబు చుట్టారు. కింద ఒక బ్రష్షు, రోలర్లకు అంటుకున్న ముచ్చికలను గీకి పడేస్తుంది. కాయ చితకదు, గింజ రాలదు. ఆయన గొప్పంతా అక్కడే ఉంది.

నేను క్లెయిము రాశాను, అంటే ఆవిష్కరణలో ఎంతమేరకు హక్కు తనదో చెప్పే వాక్యం. ఇంగ్లీషులో ఒకటే వాక్యం, పదిహేను లైన్లు. అందులో రెండు రోలర్ల మధ్య ‘సూటబుల్ గ్యాప్’ ఉంటుందని రాశాను. తగినంత సందు. అప్పుడు ఆ మాట చూసి నాకు ముచ్చటేసింది కూడా. ఏ సైజు సందు పెట్టినా మన కిందికే వస్తుంది కదా అని.

ఎఫ్ఈఆర్ వచ్చింది, అంటే పేటెంట్ ఆఫీసు మొదటి పరీక్ష నివేదిక. మిగతా అభ్యంతరాలకు సమాధానాలు దొరికాయి. ‘తగినంత’ అంటే ఎంత అన్నదానికి మాత్రం దొరకలేదు. ఆరు నెలల గడువులో ఐదు నెలలు కూర్చుని, ఈ రంగంలో పనిచేసేవాడికి అది ఇట్టే తెలుస్తుందని మూడు పేజీలు రాశాను. వీడియో హియరింగ్‌లో పేటెంట్ ఆఫీసు కంట్రోలర్ మర్యాదగా ఒకటే అడిగారు: స్పెసిఫికేషన్‌లో, అంటే ఆవిష్కరణను వివరించే కాగితాల్లో, ఎక్కడైనా ఆ సందు కొలత ఉందా అని. లేదు. ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను.

‘సందు ఎంత పెడతారండీ మీరు?’

‘రెండు మిల్లీమీటర్లండి. తేజ రకానికైతే ఒక పిసరు తగ్గిస్తా.’

‘దేంతో కొలుస్తారు?’

‘కొలవడం ఏముంది సార్, సైకిల్ స్పోకు దూర్చి చూస్తా. లొడలొడ ఆడిందా, సందు ఎక్కువైనట్టు. అసలు దూరలేదా, తక్కువైనట్టు. పట్టీపట్టనట్టు జారాలి.’

‘ఇంత మంచి సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?’

‘మీరు అడగలేదు కదండీ.’

మిత్రులారా, ఈ వృత్తిలో నేను తిన్న తిట్లలో ఇంత మెత్తగా, ఇంత లోతుగా తగిలింది ఇంకోటి లేదు. ఆయన తిట్టానని కూడా అనుకోలేదు.

తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. పేటెంట్ల చట్టం 59వ సెక్షన్ మనకు కంఠతా వచ్చు. దాఖలు చేశాక కొత్త విషయం ఏదీ చేర్చడానికి లేదు. సవరించిన క్లెయిము పాత క్లెయిము పరిధిలోనే పూర్తిగా ఇమడాలి. స్పోకు సంగతి ఆయన బుర్రలో ఉంది, షాపులో ఉంది, నేను రాసిన కాగితాల్లో లేదు. ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు, వేశాక కంప్లీట్ స్పెసిఫికేషన్ వేయడానికి 12 నెలలు టైముంది. ఆ 12 నెలల్లో ఒక్కసారి బస్సెక్కి ఆ షాపుకి వెళ్లి ఉంటే, కళ్లెదురుగానే కనిపించేది. వెళ్లలేదు. ఫోటోలు వాట్సాప్‌లో పంపారు, చాలనుకున్నాను.

చివరికి కాగితాల్లో వివరంగా ఉన్నది ఒక్క బ్రష్షే. పరిధి కుదించి, బ్రష్షు ఉన్న మిషనుకు మాత్రమే పేటెంటు తెచ్చాం. సర్టిఫికెట్ వచ్చిన రోజు ఆయన స్వీట్లు పంపారు. మరుసటి సీజన్లోనే వేరే ఊళ్లో ఒక షాపు అచ్చం అదే మిషను చేసింది, బ్రష్షు తీసేసి గాలి ఊదే ఫ్యాను పెట్టి. మేం ఏమీ చేయలేకపోయాం. చేసిన ఖర్చు, తిరిగిన తిరుగుడు, అన్నీ ఒక బ్రష్షు కోసం.

చట్టంలో ఈ విషయం దాగి ఏమీ లేదు. 10వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్ క్లెయిములు స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలని, స్పెసిఫికేషన్‌లో చెప్పిన విషయం మీద న్యాయంగా ఆధారపడి ఉండాలని చెబుతుంది. అదే సెక్షన్‌లో, దరఖాస్తుదారుకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని బయటపెట్టాలని కూడా ఉంది. స్పోకే ఆయన అత్యుత్తమ పద్ధతి. అంటే నేను ఒకటి కాదు, రెండు తప్పులు చేశాను. ఎవరూ పట్టించుకోక పేటెంటు వచ్చేసినా, క్లెయిము పరిధిని తగినంత స్పష్టంగా నిర్వచించలేదన్న కారణంతో 64వ సెక్షన్ కింద తర్వాత ఎప్పుడైనా రద్దు కోరవచ్చు. మబ్బుగా ఉన్న మాట దాఖలు రోజున మనకు హాయిగానే ఉంటుంది. దాని టెన్షన్ అంతా ఆ తర్వాతే.

అయినా మనం ఎందుకిలా రాస్తాం? నా లెక్కలో అసలు కారణం ఒకటే. మనలో చాలామంది విశాలమైన మాటని, మసకగా ఉన్న మాటని ఒకటే అనుకుంటాం. ‘కనీసం రెండు రోలర్లు’ అనేది విశాలం. రెండున్నా, ఇరవై ఉన్నా దాంట్లోకి వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ‘కొన్ని తగిన రోలర్లు’ అనేది మసక. స్థలం డాక్యుమెంటు రాయించుకునేటప్పుడు తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ బజారు అని నాలుగు సార్లు చదివించుకుంటాం కదా. తూర్పు హద్దు ‘తగినంత దూరం’ అని రాసిన రైటర్‌కి డబ్బులిస్తామా?

చిన్న చిన్న కారణాలు ఇంకా ఉన్నాయి. పదో క్లెయిము దాటితే ఒక్కోదానికి వ్యక్తులకు 320 రూపాయలు, పెద్ద కంపెనీలకు 1,600 రూపాయలు అదనం. అది మిగిల్చడానికి మూడు క్లెయిముల సరుకు ఒకదాంట్లో కుక్కి మధ్యలో ‘అండ్/ఆర్’ పెడతాం. ‘ప్రిఫరబ్లీ’ అని రాస్తాం, అది షరతో సలహానో మనకే తెలియదు. ముందు రెండు రోలర్లు చెప్పి, తర్వాత ‘సదరు రోలరు’ అంటాం, ఏ రోలరో దేవుడికే ఎరుక. పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, అదే క్లెయిము అతికించడం గురించి నేను మాట్లాడను. అద్దంలో చూసుకున్నట్టుంటుంది.

మాట ఎంత చిన్నదైతే అంత ప్రమాదం అనడానికి నాకు బాగా ఇష్టమైన కేసు ఒకటుంది. అమెరికాలో షెఫ్ అమెరికా అనే కంపెనీది. 2004లో అక్కడ పేటెంటు అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చింది. పైన పూత పూసిన పిండిని కాల్చే పద్ధతి మీద పేటెంటు. క్లెయిములో ఆ పిండిని సుమారు 400 నుంచి 850 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడి చేయాలని ఉంది. వాళ్ల ఉద్దేశం పొయ్యి వేడి అంత ఉండాలని. రాసింది మాత్రం పిండికి అంత వేడి ఎక్కాలని. తేడా ఇంగ్లీషులో రెండక్షరాల మాట ఒక్కటే, ‘ఎట్’ అనాల్సిన చోట ‘టు’. మన తెలుగులో చూస్తే ‘డిగ్రీల వేడిలో’ అనాల్సింది ‘డిగ్రీలకు’ అన్నారు, విభక్తి ఒక్కటే మారింది. మన అమ్మలు పూరీ కాల్చేటప్పుడు నూనె ఎంత కాగిందో చూస్తారు గానీ, పూరీ కూడా అంత కాగాలని ఎవరూ అనరు. అంత వేడి పిండికే ఎక్కితే మిగిలేది బొగ్గు. ఆ సంగతి కోర్టుకూ తెలుసు. అయినా, మీరు రాసింది ఇది, దీన్ని తిరగరాయడం మా పని కాదు పొమ్మంది. పిండిని బొగ్గు చేసేవాడు లోకంలో ఎవడూ లేడు కాబట్టి, ఆ క్లెయిమును ఉల్లంఘించేవాడూ లేడు.

మన హైదరాబాద్‌కి సంబంధం ఉన్న కేసు ఇంకోటుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బుకి వాడే కొపాక్సోన్ అనే మందు టెవా కంపెనీది. దాని జనరిక్ తయారు చేయబోయినవాళ్ల మీద టెవా కేసు వేసింది. శాండోజ్ వాళ్లు, మైలాన్, మైలాన్‌తో కలిసి మన నాట్కో ఫార్మా కూడా ఆ ప్రతివాదుల్లో ఉన్నారు. క్లెయిములో ఆ పదార్థం అణుభారం 5 నుంచి 9 కిలోడాల్టన్లని ఉంది. అంకెలున్నాయి, కొలత పేరుంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కేమిటంటే ఆ పదార్థంలో అణువుల గొలుసులన్నీ ఒకే పొడవు ఉండవు. ఊళ్లో ఒక్కొక్కరికి ఎంత పొలం ఉందని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? ఎక్కువమందికి ఉన్నది ఎకరం. మొత్తం పొలాన్ని తలలతో భాగిస్తే రెండెకరాలు. పెద్ద కమతాలకు ఎక్కువ తూకం ఇచ్చి లెక్కేస్తే నాలుగెకరాలు. మూడూ నిజమే. అణుభారాన్ని కూడా అచ్చం ఇలాగే మూడు రకాలుగా లెక్కిస్తారు. క్లెయిములో ఏ రకమో చెప్పలేదు. పైగా ఆ కుటుంబంలోని వేరే పేటెంట్ల కోసం పరీక్షకులకు ఇచ్చిన సమాధానాల్లో ఒకచోట ఒక లెక్క అన్నారు, ఇంకోచోట ఇంకో లెక్క అన్నారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015 జనవరిలో కిందికి తిరిగి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ ఆ క్లెయిము అస్పష్టమని మళ్లీ కొట్టేసింది.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ అరిసెల పాకం గుర్తొచ్చింది. ‘పాకం ఎంతసేపు ఉంచాలే?’ అంటే ఆమె ఎప్పుడూ ‘తగినంత సేపు’ అని చెప్పలేదు. పళ్లెంలో నీళ్లు పోసి, చుక్క వేసి, వేలితో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి అనేది. ఆమెకు థర్మామీటర్ లేదు, కానీ పరీక్ష ఉంది. ఎవరు చేసినా అదే జవాబు వచ్చే పరీక్ష. మెకానిక్ గారి స్పోకు కూడా అంతే. అంకె తెలియకపోవడం పెద్ద లోపం కాదు. ఎలా తెలుసుకోవాలో కూడా రాయకపోవడం లోపం. టెవా వాళ్ల దగ్గర అంకె ఉంది, పరీక్ష పేరు లేదు. నా దగ్గర రెండూ లేవు.

ఇక్కడ మీలో కొందరు అడ్డుపడతారని తెలుసు. కోర్టులు మరీ అంత మూర్ఖంగా చదవవు, మాట వెనక ఉద్దేశం చూస్తాయి అంటారు. బ్రిటన్‌లో క్యాట్నిక్ కేసు చూపిస్తారు. ఉక్కు లింటెల్ వెనక పలక ‘నిలువుగా’ ఉంటుందని క్లెయిము. పోటీ కంపెనీ దాన్ని ఆరో ఎనిమిదో డిగ్రీలు వంచి మేం బయటపడ్డాం అంది. ఆ వంపు ఇల్లు కట్టేవాడి లెక్కలో నిలువు కిందికే వస్తుందని 1980లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. నిజమే, న్యాయం జరిగింది. కానీ ఎక్కడ జరిగింది? దేశంలోనే అన్నిటికంటే పై కోర్టులో. మా మెకానిక్ గారికి జిల్లా కోర్టులో రెండో వాయిదాకు వెళ్లే స్థోమతే లేదు. ఎప్పుడో ఎవరో న్యాయమూర్తి సర్దుకుని చదువుతారన్న ధీమాతో క్లెయిము రాయడం ఎవరి డబ్బుతో ఆడుకోవడం?

మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న గ్లివెక్ అనే క్యాన్సర్ మందు మీద నోవార్టిస్ కేసులో తీర్పిచ్చినప్పుడు అందరూ 3(డి) సెక్షన్ గురించే మాట్లాడారు, పాత మందుకు గుణం పెరగని కొత్త రూపమిస్తే పేటెంటు లేదనే సెక్షన్ అది. ఆ తీర్పులోనే మన గురించి కూడా ఒక మాట ఉంది. పేటెంటు పరిధిని ఆవిష్కరణ అసలు విలువను బట్టి కాకుండా, నేర్పుగల లాయర్లు క్లెయిములు అల్లిన తీరును బట్టి తేల్చే దారిలో ఈ దేశపు చట్టం ఎదగడం మాకు ఇష్టం లేదు అన్న అర్థంలో కోర్టు రాసింది. కాగితంలో వెల్లడించింది గోరంత, క్లెయిముతో కప్పేది కొండంత కాకూడదని. మందుల కంపెనీలకు చెప్పిన మాటే అయినా, ‘తగినంత సందు’ రాసిన నాలాంటి చిన్నవాళ్లకూ అది తగలాల్సిందే. నేను వెల్లడించకుండానే అన్ని సందులనూ కప్పుదామని చూశాను.

ఇంకో సంగతి, మన తెలుగువాళ్లకు మాత్రమే అర్థమయ్యేది. పేటెంట్ రూల్స్ ప్రకారం దరఖాస్తు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. మన దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పేది తెలుగులో. మధ్యలో ఉన్నది మనం. ‘పట్టీపట్టనట్టు’, ‘బిగువుగా’, ‘వదులుగా’, ‘ఒక పిసరు’, ‘నూలుపోగంత’ అని వాళ్లంటారు. మనం ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అన్నిటికీ ‘సూటబుల్’, ‘అప్రోప్రియేట్’, ‘సబ్‌స్టాన్షియల్లీ’ అనే మూడు సీసాల్లోంచి ఏదో ఒకటి పోస్తాం. వాళ్లు మసకగా మాట్లాడరు. చేత్తో పనిచేసేవాడు మాట్లాడే ప్రతి మాట వెనకా ఒక వేలి గుర్తు ఉంటుంది. ‘నూలుపోగంత’ అన్నవాడి మనసులో నిజంగానే ఒక నూలుపోగు ఉంటుంది, ఏ నంబరు నూలో అడిగితే అదీ చెబుతాడు. మబ్బు మన దగ్గర పుడుతుంది. ఆ మబ్బునే మళ్లీ ఆయనకు ఇంగ్లీషులో చదివి వినిపించి, ‘బాగుందా?’ అని అడిగితే ఆయన పాపం ‘బాగుంది సార్’ అంటారు. సంతకం పెడతారు.

అందుకని నేను ఈ మధ్య ఒక పని చేస్తున్నాను. దాఖలుకు ముందు మొదటి క్లెయిమును తెలుగులోకి తిప్పి, ఇన్వెంటర్‌కి ఎదురుగా కూర్చుని గట్టిగా చదువుతాను. ఒక్కోసారి మూడో లైనులోనే ఆయన నవ్వేస్తారు, ‘అదేంటి సార్, అట్లా పెడితే మిషను తిరగదు’ అని. అంతకంటే మంచి ఎగ్జామినర్ నాకు ఎక్కడా దొరకలేదు. నాకు అరగంట పడుతుంది. ఫీజు మాత్రం పెంచలేదు, పెంచాలేమో ఆలోచిస్తున్నాను. మీ ఆఫీసుల్లో కూడా ఇది పెట్టమని అడుగుతున్నాను. పిల్లలకు డ్రాఫ్టింగ్ నేర్పేటప్పుడు ముందు క్లెయిము ఫార్మాట్ ఇవ్వకండి. ముందు ఏదో ఒక షాపుకి పంపండి. ‘ఎంత?’ అని అడిగి రమ్మనండి. జవాబు ‘తగినంత’ అని వస్తే, ‘తగినంత అయిందని మీకెలా తెలుస్తుంది?’ అని మళ్లీ అడిగి రమ్మనండి. ఆ రెండో ప్రశ్నకు జవాబు రాకుండా కీబోర్డు ముట్టుకోనివ్వకండి.

ఒక్కోసారి ఎఫ్ఈఆర్‌లో ‘క్లెయిములు స్పష్టంగా లేవు’ అని మాత్రమే ఉంటుంది, ఏ మాటో ఉండదు. అస్పష్టత మీద వచ్చిన అభ్యంతరమే అస్పష్టంగా ఉందని నవ్వుకుంటాం. ఏ మాటో చెబితే బాగుంటుంది, నిజమే. కానీ ఆ నవ్వు వెనక దాక్కోవద్దు. ఏ మాటో మనకు తెలుసు. రాసేటప్పుడే తెలుసు.

ఆ మిషనుకు ఇవాళ క్లెయిము రాయాల్సి వస్తే ఎలా రాస్తానో తెలుగులో పెడుతున్నాను. ఒకటే వాక్యం, మన వాళ్లకు అసమాపక క్రియలు కొత్త కాదు కాబట్టి ఊపిరి ఆడుతుంది:

‘మిరపకాయల ముచ్చికలు తీసే యంత్రంలో, సమాంతరంగా అమర్చిన కనీసం రెండు రోలర్లు ఉండి, ఒక్కో రోలరు చుట్టూ రబ్బరు పొర ఉండి, పక్కపక్కనున్న ఏ రెండు రోలర్లైనా పైభాగాలు ఒకదాని వైపు ఒకటి వచ్చేలా తిరుగుతూ, యంత్రం ఆగి ఉన్నప్పుడు ఆ రెండిటి రబ్బరు పొరల మధ్య అతి తక్కువ దూరం 1.8 నుంచి 2.2 మిల్లీమీటర్ల వరకు ఉండడం ప్రత్యేకతగా గల యంత్రం.’

దీని కింద తేజకి ఒకటి, మిగతా రకాలకు ఒకటి, బ్రష్షుతో ఒకటి, ఫ్యానుతో ఒకటి, విడివిడిగా వేస్తాను. పదికి లోపే అయిపోతాయి. స్పోకు సంగతి వివరణలో బొమ్మతో సహా ఉంటుంది.

మీకు తీరిక ఉంటే దీంట్లో సందులు వెతకండి. మెకానిక్ గారికి చదివి వినిపించాను, ట్యూబు పాతబడి అరిగితే కొలత మారుతుందే అన్నారు. అది నాకు తట్టలేదు. ‘సమాంతరంగా’ దగ్గర నాకే అనుమానంగా ఉంది, ఒకడు ఒక రోలరును రెండు డిగ్రీలు వంచి కూర్చోబెడితే ఏమిటి సంగతి? మీకు కనిపించినవి రాయండి.

ఇట్లు,
మీలో ఒక పేటెంట్ ఏజెంట్,
హైదరాబాద్